మునిగితే ఒక లెక్క, తేలితే ఒక లెక్క

పేరు హైడ్రోమీటరు. జానెడు గాజుగొట్టం, అడుగున బరువుకు గుండ్లు, మెడలో చుట్టిన కాగితం మీద, నీటితో పోలిస్తే ద్రవం ఎన్ని రెట్లు బరువో చెప్పే గీతలు. "నేను" అని చెప్పుకోవడం దానికి మొహమాటం. అందుకే తన కథను ఎవరి కథో చెప్పినట్టు చెబుతుంది.

వంశం మాత్రం చిన్నది కాదు. తాత సైక్స్ ఇత్తడి హైడ్రోమీటరు. మద్యంలో ఘాటెంతో తేల్చి సుంకం వేయడానికి బ్రిటిష్ పార్లమెంటు 1816లో దాన్నే ప్రమాణం చేసింది. తాతది సర్కారు కొలువన్నమాట. ఈ గొట్టానిది టెక్సాస్‌లో ఒక తెలుగింటి వంటగది కొలువు.

అమెరికాలో 1978లో అధ్యక్షుడు కార్టర్ సంతకం పెట్టిన చట్టంతో ఇంట్లో బీరు కాచుకునే వీలు కలిగింది. ఇద్దరు పెద్దలున్న ఇంటికి ఏడాదికి 200 గ్యాలన్లు, అంటే 750 లీటర్ల పైమాటే. అంత తాగేవాళ్లెవరో! ఇంటాయనది బళ్ళారి జిల్లాలో వరి పండే సిరుగుప్ప వైపు. ఇక బీరులో సోనామసూరి పడకుండా ఉంటుందా? ఇదేమీ చాదస్తం కాదు. తేలిగ్గా, లేతరంగులో ఉండాలని బడ్వైజర్‌లోనూ బియ్యం వేస్తారు.

19 లీటర్లు కాయడానికి కిలో లోపు బియ్యం చాలు. ముందు గంజిలా మెత్తగా ఉడికించాలి. అందులోని పిండిని చక్కెరగా మార్చే ఎంజైములు మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీలో ఉంటాయి. రెండూ కలిపి 65 డిగ్రీల దగ్గర గంటసేపు ఉంచుతారు. వడగట్టిన తీపినీళ్లలో చేదుకు హాప్స్ పూలు వేసి మరిగిస్తారు. చల్లారాకే గొట్టాన్ని దింపాలి, వేడిమీద దింపితే తప్పు చెబుతుంది.

మొదటిసారి 1.042 దగ్గర తేలింది. ఆపైన కలిపిన ఈస్టు చక్కెర తిని ఆల్కహాలుగా మార్చేకొద్దీ గొట్టం మునుగుతూ 1.010 దగ్గర ఆగింది. తేడాను 131తో హెచ్చిస్తే ఆల్కహాలు 4.2 శాతం. అంకె రెండు మూడు రోజులు కదలకుండా నిలిచాకే సీసాల్లో పోయాలి. తొందరపడితే లోపల గ్యాసు పెరిగి సీసాలు పేలతాయి.

అసలు బడ్వైజర్ లాంటి లాగర్ బీరుకు వాడే ఈస్టుకు 10–13 డిగ్రీల చలి కావాలి, ఆపైన సున్నా దగ్గర కొన్ని వారాల నిల్వ. అందుకోసం ఇంకో ఫ్రిజ్ కొంటానంటే ఇంట్లో ఊరుకుంటారా? ఆయన 18 డిగ్రీల్లో పులియబెట్టే ఏల్ ఈస్టుతోనే లాగర్ లాంటిది చేశాడు. కొత్తవాళ్లకు అదే తెలివైన దారి.

తర్వాత కాపురం బళ్ళారికి మారింది. కర్ణాటకలో 1965 ఎక్సైజు చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా ఇంట్లో బీరు కాయకూడదు. గొట్టానికి పనిపోయిందనుకుంటుండగా ఆయన తల్లి దాన్ని పట్టుకుని, "ఇది పాలు చూసే గొట్టం కదప్పా!" అంది. మంచి పాలలో 1.030 చుట్టుపక్కల నిలవాలి. వాడికె పాలలో 1.020కి దిగింది. మూడోవంతు నీళ్లే.

ఆమె గొట్టం చూపించి నిలదీస్తే పాలాయన తడుముకోలేదు.

"ఎనుము కుడితి ఎక్కువ తాగింది లేమ్మా!"