నలభై మూడు తాళాలు

2023 సంక్రాంతి సెలవులయ్యాక, శావల్యాపురం మండలంలో ఒక జిల్లా పరిషత్ హైస్కూలు హెడ్మాస్టరు గారికి ఎనిమిదో తరగతి చాలా ముద్దొచ్చింది. మధ్యాహ్న భోజనం ప్లేటు కడిగీ కడగ్గానే మగపిల్లలంతా వేపచెట్టు కింద చేరి, టాబ్‌లు ఒళ్ళో పెట్టుకుని తల వంచుకు కూర్చుంటున్నారు. కబడ్డీ లేదు, కొట్లాట లేదు. ఆయన పొంగిపోయి, మండల మీటింగులో 'మా పిల్లలు విరామంలో కూడా పాఠాలు వింటున్నారు' అని చెప్పి చప్పట్లు కొట్టించుకొచ్చారు. మర్నాడు వేపచెట్టు పక్కగా పోతుంటే జీవశాస్త్రం పాఠంలోంచి తుపాకుల మోత వినిపించింది.

నాకీ సంగతి చెప్పింది ఆ బళ్ళో లెక్కల మాస్టారు. బడి పేరు రాయనని మాట తీసుకున్నాకే నోరు విప్పాడు. లెక్కల మాస్టారు గనక అంకె లేకుండా ఏదీ చెప్పడు.

ఆ టాబ్‌ల పంపిణీ మొదలైంది 2022 డిసెంబరు 21న. అప్పటి ముఖ్యమంత్రి జగన్ తన పుట్టినరోజున బాపట్ల జిల్లా యడ్లపల్లిలో మొదలుపెట్టారు. రాష్ట్రమంతటా 4,59,564 మంది ఎనిమిదో తరగతి పిల్లలకు, 59,176 మంది టీచర్లకు, మొత్తం 5,18,740 టాబ్‌లు. 686 కోట్లని ప్రకటించారు. మాస్టారు భాగహారం చేసి పెట్టుకున్నాడు, ఒక్కోటి 13,224 రూపాయలు. ఈ బళ్ళో పిల్లలకు వచ్చినవి 48. అంటే ఆరు లక్షల ముప్పై నాలుగు వేల పైచిలుకు సరుకు అట్టపెట్టెల్లో వచ్చి స్టాఫ్ రూములో దిగింది.

అదే బడికి ఏడాది పొడుగునా ఖర్చులకని సమగ్ర శిక్ష కింద వచ్చే గ్రాంటు 50,000. పిల్లలు 101 నుంచి 250 దాకా ఉంటే అంతే, 250 దాటితే 75,000. ఆ యాభై వేలలో పదో వంతు పరిశుభ్రతకని పక్కన పెట్టాలి. మిగిలిన దాంట్లోనే సుద్దముక్కలు, హాజరు పట్టీలు, కరెంటు బిల్లు, కుళాయి వాషర్లు, జెండా పండుగ బిళ్ళలు. ఆరు లక్షల సరుకును కనిపెట్టుకుని ఉండే మనిషికని విడిగా వచ్చింది సున్న. ఆ సున్నని మాస్టారు గాల్లో వేలితో చుట్టి మరీ చూపించాడు.

టాబ్‌లో బైజూస్ పాఠాలు ఎక్కించి ఇచ్చారు. పాఠాలు తప్ప ఇంకేదీ తెరుచుకోకుండా మొబైల్ డివైస్ మేనేజ్‌మెంట్ అనే సాఫ్ట్‌వేర్ వేశారు. అంత పేరు పిల్లలకెందుకు, వాళ్ళు దాన్ని లాకు అంటారు. పండక్కి ముందు ఉన్న లాకు పండగ తర్వాత లేదు. 48 టాబ్‌లూ బల్ల మీద పెట్టించి చూస్తే 43 విప్పేసి ఉన్నాయి. మిగిలిన అయిదుగురిలో ఇద్దరి దగ్గర డబ్బుల్లేవు. ముగ్గురు నిజంగానే చదువుకుంటున్నారు.

"ఎవడ్రా తీసింది?"

"సెల్ షాపన్న సార్. నూట యాభై."

టాబ్ చెడిపోతే అప్పట్లో వారంటీ ఉండేది, గ్రామ సచివాలయంలో ఇస్తే బాగు చేయించి ఇచ్చేవారు. కానీ ఇవి చెడిపోలేదే! ఇదివరకటి కంటే బాగా పనిచేస్తున్నాయి. పైగా పై నుంచి టాబ్‌ల తనిఖీ ఉందని కబురు. లాకు లేని టాబ్ దొరికితే మెమో ఎవరికొస్తుందో చెప్పనక్కర్లేదు. హెడ్మాస్టరు గారు లెక్కల మాస్టారిని వెనక కూర్చోబెట్టుకుని స్కూటరు తీశారు.

శావల్యాపురం అంటే ఇప్పుడు చిన్న ఊరనడానికి లేదు. గుంటూరు – గుంతకల్లు దారిలో పాత స్టేషనే అయినా, పిడుగురాళ్ళ నుంచి వేసిన కొత్త లైను వచ్చి కలిశాక జంక్షన్ హోదా వచ్చింది. రోడ్డు మీద ఆ సెల్ షాపు ఎంతుందంటే, లోపల మనిషి లేచి నిలబడితే వచ్చినవాళ్ళు బయటికి రావాలి. అద్దం పెట్టె మీద మిరప మందుల కంపెనీ ఇచ్చిన కేలండరు, పక్కనే చిన్న టార్చి బుగ్గన పెట్టుకుని ఫోను పొట్ట విప్పుతున్న మనిషి. తలెత్తాడు. హెడ్మాస్టరు గారి కోపం గడప దగ్గరే ఆగిపోయింది.

"నువ్వా!"

"నేనే సార్. రండి, కూర్చోండి. డిస్‌ప్లేనా, చార్జింగు పిన్నా?"

ఇతని కథ తెలియాలంటే 2008కి పోవాలి. ఆ ఏడాది ఉమ్మడి రాష్ట్రంలో 5,000 హైస్కూళ్ళకు కంప్యూటర్లిచ్చారు. బూట్ పద్ధతి అన్నారు. కాంట్రాక్టు తీసుకున్న కంపెనీయే సామాను తెచ్చి, గదిలో బిగించి, చదువు చెప్పే మనుషుల్నీ పెట్టుకుని అయిదేళ్ళు నడిపి, ఆ తర్వాత మొత్తం బడికి అప్పజెప్పాలి. ఈ కుర్రాడు అట్లా వచ్చినవాడే. డిగ్రీ పూర్తి చేసి, నెలకు మూడు వేల లోపు జీతానికి, అదీ నాలుగైదు నెలలకోసారి, పదకొండు కంప్యూటర్ల ముందు అరవై మందిని కూర్చోబెట్టి పెయింటూ వర్డూ నేర్పాడు. మౌసు పట్టుకోవడానికి చేతులు కడుక్కు రమ్మనేవాడట. ఎండాకాలం కరెంటు పోయినప్పుడు కీబోర్డు బొమ్మ నేల మీద సుద్దతో గీసి, పిల్లల చేత వేళ్ళు ఆడించేవాడు. ఇది మాస్టారు చెప్పలేదు, ఆ బ్యాచిలో చదివి ఇప్పుడు హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్న ఒకావిడ చెప్పింది.

2013లో కాంట్రాక్టు గడువు తీరింది. కంప్యూటర్లు బడికి అప్పజెప్పారు. ఆ రోజుల్లో హెడ్మాస్టరు గారు అదే బళ్ళో సోషల్ మాస్టారు, స్టాకు బాధ్యత ఆయనదే. మానిటర్లు 11, సీపీయూలు 11, కీబోర్డులు 11, మౌసులు 9, బ్యాటరీలు, కుర్చీలు, ఫ్యాను ఒకటి. లిస్టు రాసి కుర్రాడి చేత సంతకం పెట్టించుకున్నారు. "మరి నేను సార్?" అని అడిగాడట. "నీకు పద్దు లేదబ్బాయ్" అన్నారట. కోపంతో అన్నమాట కాదు, నిజంగానే లేదు. గదికి తాళం పడింది. తర్వాత నలుగురు హెడ్మాస్టర్లు మారారు. ప్రతి ఒక్కరూ చార్జి పుచ్చుకునేటప్పుడు 'కంప్యూటర్ గది, తాళం వేసినది, 1' అని సంతకం పెట్టి తెరవకుండానే పోయారు. తెరిస్తే లోపల ఏది తగ్గినా తన నెత్తినే పడుతుందని ఎవరి భయం వాళ్ళది. బళ్ళు బాగుచేసే నాడు–నేడు పథకం పనులప్పుడు బడికంతా రంగు వేసిన కుర్రాళ్ళు ఆ తలుపుతో పాటు తాళం కప్పకీ ఒక పూత పూశారు. పాత సోషల్ మాస్టారు 2021లో హెడ్మాస్టరుగా తిరిగొచ్చి, అదే వాక్యం కింద అయిదో సంతకం చేశారు.

ఇక షాపులో.

"చదువు చెప్పినోడివి, పిల్లల టాబ్‌లు పాడు చేయటానికి సిగ్గుగా లేదయ్యా?"

"పాడు చేయటమేంది సార్, లాకు తీశా. అయిదేళ్ళు పాఠం చెప్తే దానికి పద్దు లేదన్నారు. ఇక్కడ పద్దు పిల్లకాయలే పట్టుకొస్తన్నారు."

లెక్కల మాస్టారికి నవ్వొచ్చిందట గానీ వెనక నిలబడ్డాడు గనక బతికిపోయాడు. హెడ్మాస్టరు గారు కాసేపు మిరప మందుల కేలండరు చూశారు. తర్వాత గొంతు తగ్గించి అసలు మాట అడిగారు.

"మళ్ళీ వెయ్యగలవా?"

"తీసినోణ్ణి వెయ్యలేనా! అంతా తుడిచి, మొదటి నుంచి ఎక్కించాలి. ఒక్కోదానికి గంట పడుద్ది. బయటోళ్ళకైతే రెండొందలు. మీకు వంద."

43 టాబ్‌లు, 4,300 రూపాయలు. మూడు రాత్రులు నిద్ర లేకుండా కూర్చుని అన్నీ వేసిచ్చాడు. తనిఖీ వచ్చింది, పోయింది, టాబ్‌లు భద్రంగా ఉన్నాయని మెచ్చుకుని మరీ పోయింది. మిగిలిందల్లా ఆ 4,300 ఏ పద్దులో రాయాలన్నదే. సాఫ్ట్‌వేరుకు పద్దు లేదు. మనిషికి పద్దు లేదన్నది పాత సంగతే. పరిశుభ్రతలో రాయడానికి మనసొప్పలేదు. చిన్న మరమ్మతులనే కాలమ్ దగ్గర లెక్కల మాస్టారి వేలు ఆగింది.

"తాళాలే గదా సార్ వేయించింది."

ఓచరు మీద 'తాళముల మరమ్మతు నిమిత్తం, 43 × 100 = 4,300' అని గుండ్రటి అక్షరాలతో రాశాడు. సెల్ షాపతను చేతి రసీదు మీద సంతకం పెట్టాడు. తల్లిదండ్రుల కమిటీ ఛైర్మనమ్మ కొడుకు టాబ్ కూడా ఆ 43లో ఒకటి, ఆవిడ మారు మాటాడకుండా సంతకం చేసింది.

ఆ తర్వాత చాలా జరిగాయి. 2024 జూన్‌లో ప్రభుత్వం మారింది. జూలైలో బైజూస్ కంపెనీ మీద దివాలా విచారణ మొదలైంది. ఆ పిల్లలు 2025లో పదో తరగతి రాసి, టాబ్‌లతో సహా ఎవరి దారిన వాళ్ళు పోయారు. ఆ ఎండాకాలంలో ఆడిటు వాళ్ళు వచ్చారు. టాబ్‌ల గురించి ఒక్క ప్రశ్న అడగలేదు, అవి బడి డబ్బుతో కొన్నవి కావు గదా. 4,300 ఓచరు దగ్గర మాత్రం పెద్దాయన కళ్ళజోడు పైకి నెట్టుకున్నాడు.

"మీ బళ్ళో తలుపులెన్ని?"

"పదకొండండి."

"తాళాలు నలభై మూడు!"

నిజం చెబితే టాబ్‌ల లాకులు ఊడిన సంగతి మళ్ళీ లేస్తుంది. చెప్పకపోతే 32 తాళాల డబ్బు జీతంలోంచి రికవరీ. హెడ్మాస్టరు గారు మంచినీళ్ళు తాగారు. పెద్దాయన వదిలే రకం కాదు, తలుపులన్నీ తిరిగి చూస్తానని లేచాడు. పదో తలుపు దాకా బాగానే నడిచింది. పదకొండోది కంప్యూటర్ గది.

"ఇది తీయండి."

అటెండరు తాళం చెవుల గుత్తి తెచ్చాడు. ఒక్కొక్కటే పెట్టి చూశాడు. ఒక్కటీ దూరలేదు. పగలగొడదామంటే పెద్దాయన ఒప్పుకోలేదు. ప్రభుత్వ తాళం పగలగొట్టాలన్నా దానికో ఉత్తర్వు ఉండాలట. రసీదు మీద సంతకం చూపించి, "నలభై మూడు తాళాలు బాగు చేసిన మనిషి ఈయనే గదా, పిలిపించండి. పనివాడో కాదో ఇక్కడే తేలిపోతుంది" అన్నాడు.

హెడ్మాస్టరు గారికి చెమటలు పట్టాయి. ఫోను చేసింది లెక్కల మాస్టారు. తాళం సంగతని ఒక్క ముక్క చెప్పే లోపే అవతల ఫోను పెట్టేశాడట. పది నిమిషాల్లో బండి మీద వచ్చాడు. ఎవరినీ ఏమీ అడగలేదు. ఫోను పిన్నులు గీకే సన్న స్క్రూడ్రైవరుతో తాళం కప్ప కన్నంలోని రంగు గీకాడు. జేబులోంచి చిన్న సీసా తీసి రెండు చుక్కలు కుట్టుమిషను నూనె వేసి కాసేపాగాడు. తర్వాత బండి తాళాల గుత్తిలోంచి ఒక చెవి ఏరి పెట్టి తిప్పాడు. ఒక్క తిప్పుకు కప్ప ఊడి చేతిలో పడింది.

పెద్దాయన మొహం విచ్చుకుంది. "పనివాడేనయ్యా!" అన్నాడు. తలుపులకే కాదు, బీరువాలకీ బల్ల సొరుగులకీ కూడా తాళాలుంటాయి గదా అని తనే ఒక సమాధానం చెప్పుకుని, ఓచరు మీద ఆకుపచ్చ సిరాతో టిక్కు పెట్టేశాడు. గదిలోకి తొంగి చూసి, బూజు చూసి, తుమ్మి, స్టాకు సరిపోయిందని రాసుకుని జీపెక్కాడు.

హెడ్మాస్టరు గారు గేటు దాకా పోయి సాగనంపి వచ్చారు. సెల్ షాపతను ఇంకా గుమ్మం దగ్గరే ఉన్నాడు, తాళం కప్పకి నూనె తుడుస్తూ.

"ఎట్టా తీశావయ్యా అంత సులువుగా?"

గుత్తిలోంచి ఆ చెవి విడదీసి ఆయన చేతిలో పెట్టాడు.

"దీనిదే సార్. పోయేనాడు మీరు రాసిన లిస్టులో మౌసులున్నాయి, కుర్చీలున్నాయి, ఫ్యానుంది. చెవి రాయటం మరిచారు. ఎవరన్నా అడిగితే ఇద్దామని పన్నెండేళ్ళుగా బండి తాళాలతో తిప్పుతున్నా. ఒక్కరూ అడగలేదు."