కప్పు తెచ్చినా తప్పే!

ఇంగ్లండ్ ఫుట్‌బాల్ క్లబ్ టోటెన్‌హామ్ అభిమానిని మెప్పించడం బ్రహ్మ తరం కాదు. కోచ్ మౌరిన్యో గోల్ ముందు గోడ కట్టిస్తే 'ఇదీ ఒక ఆటేనా' అని ముక్కు చిట్లించారు. 2021లో లీగ్ కప్ ఫైనల్ ఆరు రోజులుందనగా యాజమాన్యం ఆయన్ని సాగనంపింది. తర్వాత కొన్నాళ్లకు కోచ్‌గా పోస్టెకోగ్లూ వచ్చాడు. చెల్సీతో మ్యాచ్‌లో ఇద్దరికి రెడ్ కార్డులు పడ్డా డిఫెన్స్‌ను మైదానం మధ్యగీత దాకా నిలబెట్టి 4-1తో ఓడాడు. చప్పట్లే చప్పట్లు! 2024-25 సీజన్‌లో లీగ్‌లో 22 ఓటములు, 17వ స్థానం. అదే మనిషి యూరోపా లీగ్ ఫైనల్లో జట్టంతటినీ వెనక్కి లాగి, ఒక్క గోలుతో 17 ఏళ్ల తర్వాత కప్పు తెచ్చాడు. పదహారో రోజున ఉద్వాసన! తీసేయడం న్యాయమా కాదా అని అభిమానులు రెండు ముఠాలై కొట్టుకుంటున్నారు. 'ఆ ఫైనల్లో ఆడింది మౌరిన్యో ఆటే కదా' అని ఎవరైనా నోరు జారితే మాత్రం, రెండు ముఠాలూ కలిసి వాడి మీద పడతాయి.