నూటికి 44 పైసలు

రిజర్వు బ్యాంకు వడ్డీని ఏడాదికి ఇంత శాతమని చెబుతుంది. శ్రీకాకుళం, విజయనగరాల నుంచి ఉక్కు కర్మాగారం పనికొచ్చి భిలాయి ఖుర్సీపార్‌లో స్థిరపడ్డ మనవాళ్లకి మాత్రం వడ్డీ అంటే నెలకి నూటికి ఇన్ని రూపాయలు. మనవలు హిందీలో కలలు కంటున్నా తాతలది ఇంకా అదే లెక్క. ఆ లెక్కన 2025 డిసెంబరులో ప్రకటించిన 5.25 శాతం రెపో రేటు నూటికి 44 పైసల లోపే. ఇక్కడ ముఖపరిచయం ఉంటే రెండు రూపాయలు, లేకపోతే మూడు.

44 పైసలకి అప్పు పుట్టే ఆ పుణ్యస్థలం రిజర్వు బ్యాంకు ఉండే ముంబయి మింట్ రోడ్డు. రైలు టికెట్ కొనకండి, బ్యాంకులకే ఇస్తారు. తాకట్టుకి ప్రభుత్వ బాండ్లు కావాలి, మీ ఆవిడ నానుతాడు చెల్లదు.

డబ్బంతా నాసిక్, మైసూరు ముద్రణాలయాల్లో పుడుతుందని మనం అనుకుంటాం. అక్కడ పుట్టేవి నోట్లే. మిగతా డబ్బు, అంటే చాలా పెద్ద భాగం, బ్యాంకు అప్పిచ్చినప్పుడు పుడుతుంది. మేనేజరు లోను మంజూరు చేసి మీ ఖాతాలో పది లక్షలు రాస్తే, నిన్నటిదాకా లోకంలో లేని పది లక్షలు ఇవాళ ఉన్నట్టే. ఈ పుట్టుకల్ని పెంచాలంటే రెపో తగ్గిస్తారు. లేదా బ్యాంకులు రిజర్వు బ్యాంకు దగ్గర ఊరికే ఉంచాల్సిన నగదు నిష్పత్తిని తగ్గిస్తారు. 2025లో దాన్ని నాలుగు విడతల్లో 4 నుంచి 3 శాతానికి దించి రెండున్నర లక్షల కోట్లు బ్యాంకుల చేతికి వదిలారు.

బ్లాస్ట్ ఫర్నేస్‌లో రిటైరైన మా ఎదురింటి పెద్దాయన ఇదంతా విని, "మేమూ ట్యాప్ హోల్ తెరిచేవాళ్లమే బాబూ. కానీ కరిగిన ఇనుము ఎటు పారాలో ముందే రన్నర్ కట్టి ఉంచేవాళ్లం. వీళ్లు కట్టారా?" అన్నారు.

కట్టారు. ఆ రన్నర్ పేరు జీతం స్లిప్. అది ఉన్నవాడి ఇంటికి కారు లోను ఇస్తామని రోజుకి నాలుగు ఫోన్లు. అదే గేటులోంచి వెళ్లి అదే వేడిలో పనిచేసే ఠేకా కూలీకి చూపించడానికి స్లిప్ ఉండదు కాబట్టి అతని పేరిట ఏ బ్యాంకులోనూ డబ్బు పుట్టదు. అతను రెండు రూపాయల వీధికే పోవాలి.

పెద్దాయన గొడవ వేరు. 2025 ఫిబ్రవరి నుంచి రెపో 1.25 శాతం తగ్గింది. డిపాజిట్ వడ్డీ కూడా అంతే తగ్గితే పది లక్షల మీద ఏడాదికి 12,500 హుళక్కి. అందుకే ఆయనకి 2003 నుంచి 2013 దాకా స్వర్ణయుగం. వై.వి. రెడ్డి, ఆ వెంటనే దువ్వూరి సుబ్బారావు, పదేళ్లూ మనవాళ్లే గవర్నర్లు. 2010 మార్చి, 2011 అక్టోబరు మధ్య సుబ్బారావుగారు పదమూడుసార్లు రేటు పెంచితే అప్పున్నవాళ్లంతా శాపనార్థాలు పెట్టారు. ఈయన మాత్రం నోటు మీద సంతకం చూపించి "మనవాడే" అని మురిసిపోయేవారు. ఆ రేట్లు పెంచడానికి కారణమైన కూరగాయల ధరల సంగతి వాళ్లావిడని అడగాలి.

ఖుర్సీపార్‌కి సొంత కేంద్రబ్యాంకు ఉంది. నెలనెలా చీటీలమ్మ అరుగు మీద ఇరవై మంది కూర్చుని పాట పాడతారు. మింట్ రోడ్డులో రేటు తేల్చే కమిటీలో ఆరుగురే, అదీ రెండు నెలలకోసారి. పెళ్లిళ్ల కాలంలో ఇక్కడ పాట పెరుగుతుంది, బోనస్ వచ్చిన నెల పడిపోతుంది. రేటు తేలిన రాత్రే డబ్బు చేతికొస్తుంది. 2016 నవంబరు 8న ఒకే ఒక్కసారి ఈ బ్యాంకు ఆగింది. చలామణిలో 86 శాతం విలువైన నోట్లు ఆ రాత్రి చిత్తుకాగితాలయ్యాయి. 15.41 లక్షల కోట్లలో 15.31 లక్షల కోట్లు బ్యాంకులకి తిరిగొచ్చాయని తర్వాత తేలింది. అంత నిజాయితీగా ఏ చీటీ వసూలైనట్టూ నేను వినలేదు.

ఇలాంటి చీటీల్ని నమ్మి మునిగినవాళ్లూ ఉన్నారు కాబట్టి అడిగేశాను: "రిజిస్ట్రేషన్ లేదు కదమ్మా, రేపు నువ్వు ఎగ్గొడితే?"

"ఎగ్గొట్టి ఎక్కడికెలిపోతాను బాబూ, నా ఇల్లు ఈ ఈదిలోనే కదా. మీ గవర్నరుగారి ఇల్లు నీకు తెలుసేటి?"