బూట్‌కన్సోల్ నిష్క్రమణము: టీకా తాత్పర్య సహితము

మూలము

[0.412037] కన్సోల్ [టీటీవైఎస్0] ఎనేబుల్డ్
[0.412037] కన్సోల్ [టీటీవైఎస్0] ఎనేబుల్డ్
[0.419562] బూట్‌కన్సోల్ [యూఆర్ట్8250] డిజేబుల్డ్
[0.419562] బూట్‌కన్సోల్ [యూఆర్ట్8250] డిజేబుల్డ్

అవతారిక: లైనక్స్ కెర్నెల్ బూటవుతూ సీరియల్ కేబుల్ మీద పలికిన పలుకులివి. రెండేసి మార్లు చూసిన పాఠకుడు ముందు కేబుల్‌ను, ఆపైన కళ్లజోడును శంకించును. ఆ రెండూ నిర్దోషులని నిరూపించుటకే ఈ ప్రయత్నము.

ప్రతిపదార్థము: [0.412037] = కెర్నెల్ గడియారం నడక మొదలెట్టాక గడిచిన సెకన్లు; కన్సోల్ = సందేశాలు బయటపడే తావు; [టీటీవైఎస్0] = మొదటి సీరియల్ పోర్టు; ఎనేబుల్డ్ = కొలువులో చేరినది; బూట్‌కన్సోల్ = అసలు డ్రైవరు వచ్చేదాకా నెట్టుకొచ్చే తాత్కాలిక కన్సోల్; [యూఆర్ట్8250] = చిప్పు వంశాన్ని బట్టి దానికి వచ్చిన పేరు; డిజేబుల్డ్ = కొలువు చాలించినది.

పాఠాంతరము: కొత్త ప్రతుల్లో పాదాదిన ‘ప్రింట్‌కె’ అనియు, మరీ కొత్త ప్రతుల్లో ‘లెగసీ’ అనియు అదనముగా కలదు. అర్థమున భేదము లేదు.

టీక: ప్రింట్‌కె అనే ఫంక్షన్ ప్రతి సందేశాన్నీ ముందు రింగ్ బఫర్‌లో రాస్తుంది. టైమ్‌స్టాంప్ పడేది అక్కడే. కన్సోళ్లు ఆ బఫర్ చూసి దేనికది చదువుతాయి. కమాండ్ లైన్‌లో ‘ఎర్లీకాన్’ అని రాస్తే బూట్‌కన్సోల్ ముందుగా చదువు మొదలెడుతుంది. తర్వాత వచ్చే అసలు కన్సోల్ సాధారణంగా ‘కాన్_ప్రింట్‌బఫర్’ అనే ఫ్లాగ్ పట్టుకొని వస్తుంది. బఫర్‌లో ఉన్నదంతా మొదటినుంచి వినిపించుమని దాని భావము. రెండూ ఒకే పోర్టు మీదివైతే బూట్ కథ మొత్తం మళ్లీ మొదలు.

దీనికి ‘రిజిస్టర్_కన్సోల్’ ఫంక్షన్‌లో పరిహారం ఉంది. బూట్‌కన్సోల్ కొలువులో ఉండగా ప్రధాన కన్సోల్ చేరితే, వచ్చినదాని నుంచి ఆ ఫ్లాగ్ తీసేస్తారు. ఎందుకో ప్రింట్‌కె.సి ఫైలులోనే వ్యాఖ్య రాసి ఉంది: రెండూ ఒకే పరికరమైతే మొదటి సందేశాలు మళ్లీ కనబడటం చిరాకు అని. శాస్త్రగ్రంథంలో భాష్యకారుడు చిరాకు పడటం అరుదు, గమనింపదగును.

శంక: పరిహారం ఉండగా మూలంలో ఈ పునరుక్తి ఏల?

సమాధానము: కొత్తదాన్ని చేర్చి, ఆ సంగతి ప్రకటించాకే పాతదాన్ని తప్పిస్తారు. తప్పుకునే సంగతి కూడా తప్పుకోకముందే ప్రకటిస్తారు. రెండు కన్సోళ్లూ వేర్వేరు చోట్ల ఉంటే ఎక్కడ చూస్తున్నవారికైనా మార్పిడి ఒక్కసారే తెలుస్తుంది. ఒకే పోర్టైతే రెండు గొంతులూ ఒకే చెవిన పడతాయి. కనుక ఈ నాలుగు పాదాలూ కవి సమ్మతములే.

దోషస్థానములు: ‘కీప్_బూట్‌కాన్’ మొదటిది. కమాండ్ లైన్‌లో ఈ మాట ఉంటే బూట్‌కన్సోల్ తప్పుకోదు. అసలు తహసీల్దారు చేరాక కూడా ఇన్‌చార్జి సంతకాలు పెడుతున్నట్టు, అక్కడినుంచి ప్రతి పంక్తీ జంటగా వస్తుంది. అసలు డ్రైవరు మీద అనుమానం ఉన్నప్పుడు పెట్టుకోవలసిన మాట అది; పనయ్యాక తీసేయాలి.

రెండోది వరుస తప్పు. ‘కన్సోల్=టీటీవైఎస్0,115200 కన్సోల్=టీటీవై0’ అని రాస్తే, చివర ఉన్నదే ప్రధానం గనుక ఆ పీట టీటీవై0కు, అంటే తెరకు, దక్కుతుంది. తెర ముందుగా చేరి బూట్‌కన్సోల్‌ను సాగనంపుతుంది. ఆ వెనక వచ్చిన టీటీవైఎస్0కి బూట్‌కన్సోల్ కనబడదు, ఫ్లాగ్ ఊడదు, పారాయణం మొదటికొస్తుంది. ఇక్కడ తిరగబడేది పంక్తి కాదు, పర్వం. టీటీవైఎస్0ను చివర రాస్తే సరి. అయితే /డెవ్/కన్సోల్ కూడా సీరియల్‌కే పోతుంది. తెర ముందు కూర్చున్నవారికి ఇనిట్ మాటలు కనబడకపోవచ్చు.

పరీక్ష: డీమెసేజ్ కొట్టి చూడుము. అక్కడ ఒక్కసారే ఉంటే రాసింది ఒకటే, చదివినవారు ఇద్దరు. అక్కడా రెండుసార్లుండి టైమ్‌స్టాంప్‌లు వేరైతే కెర్నెల్ నిజంగానే రెండుసార్లు పలికినది. కావలసిన క్లాకో రెగ్యులేటరో ఇంకా రానందున ప్రోబ్ వాయిదా పడి, మళ్లీ పిలిచినప్పుడల్లా డ్రైవరు అదే మొర పెట్టుకోవడం ఇందుకు ప్రసిద్ధోదాహరణము. ‘డెవ్_ఎర్_ప్రోబ్’ వాడితే ఆ మొర డీబగ్ స్థాయికి దిగి సద్దుమణుగును. దీనికి కన్సోల్ వరుస ఎంత మార్చినా గుణముండదు.

తాత్పర్యము: చదివినవారు ఇద్దరా, పలుకులు రెండా అని తేల్చుకోనిదే కత్తెర పట్టరాదు.

ఫలశ్రుతి: ఈ టీకను చదివి, టైమ్‌స్టాంప్‌లు పోల్చి, ఆ తరువాతనే కమాండ్ లైన్‌పై చేయి వేయువానికి రీబూట్లు తగ్గును, సహోద్యోగులతో వాదములు తగ్గునని మాత్రము చెప్పజాలము.