లైన్లో నిలబడుటకు మనుషులు కావలెను

ఒర్లాండో డిస్నీ వరల్డ్ వారు 2024 అక్టోబరులో ప్రకటించిన పాస్ సంగతి మీరూ చదివే ఉంటారు. పేరు లైట్నింగ్ లేన్ ప్రీమియర్ పాస్. ఆ అక్టోబరు 30 నుంచి అమల్లోకి వచ్చింది. రోజును బట్టి, పార్కును బట్టి మనిషికి 129 నుంచి 449 డాలర్లని అప్పుడు చెప్పారు. లోపలికి వెళ్లే టికెట్ దీంట్లో కలిసి లేదు, అది వేరే కొనుక్కోవాలి.  రెండూ కట్టాక ఒక్కో రైడుకు ఒక్కసారి, ఏ గంటకైనా, లైను పక్కనుంచి దర్జాగా నడిచిపోవచ్చు. మొదట్లో ఖరీదైన రిసార్టుల్లో దిగినవాళ్లకే అమ్మారు. డబ్బు తీసుకోవడానికి కూడా అంతస్తు చూశారన్నమాట.

అమెరికాలో ఉన్న మన బంధుమిత్రులంతా ధర మీద పడ్డారు. నలుగురున్న ఇంటికి అత్యధిక ధరన లెక్కేస్తే 1,796 డాలర్లు, అప్పటి మన డబ్బులో లక్షన్నర. నాకు ధరతో పేచీ లేదు. నన్ను పట్టుకున్న అనుమానం వేరు. ఆ 449 డాలర్లు పోసినవాడికి ముట్టిన సరుకేమిటి?

రైడు కాదు, అది టికెట్‌లోనే ఉంది. అతను కొన్నది నిలబడకపోవడం. నిలబడకపోవడం అనే సరుకు అమ్ముడుపోవాలంటే పక్కన ఎవరో ఒకరు నిలబడి తీరాలి. పార్కు ఖాళీగా ఉన్ననాడు ఈ పాస్ ఇచ్చి టీ కూడా తాగలేం. జనం పల్చగా ఉన్న రోజున తక్కువకు, పండగ రోజున ఎక్కువకు అమ్ముతున్నారంటే ఈ మధ్యలో రైడేమీ పొడుగవలేదు, నిలబడ్డవాళ్ల వరస పొడుగైంది. అంటే సరుకు తయారవుతున్నది వాళ్ల మోకాళ్ల మీద. సరుకు తయారుచేసేవాణ్ని కార్మికుడంటారు. మరి కూలి ఏది?

కాబట్టి మొదటిసారి వెళ్తున్న తెలుగు కుటుంబాలకు నా సలహా ఇది. విహారయాత్ర అనుకోకండి, ఉద్యోగంలో చేరుతున్నామనుకోండి. మస్టర్ ఇప్పటికే నడుస్తోంది కూడా. లైను మొదట్లో అప్పుడప్పుడు ఒకరి చేతికి మెడలో వేసుకునే ఎర్ర కార్డు ఇస్తారు. రైడు దగ్గరకు చేరాక దాన్ని తిరిగి తీసుకుని ఎంతసేపు పట్టిందో లెక్క కట్టుకుంటారు. ఫ్లోరిడాలో కనీస వేతనం 2024 సెప్టెంబరు 30 నుంచి గంటకు 13 డాలర్లయింది. ఆ లెక్కన నలుగురు ఆరేసి గంటలు నిలబడితే 312 డాలర్లు రావాలి. టికెట్ల డబ్బులో ఎంతో కొంత తిరిగొచ్చినట్టే. ఎనిమిది గంటలు దాటితే ఓవర్‌టైమ్ నేను విడిగా అడుగుతాను.

డంబో ఏనుగు రైడు దగ్గరైతే పిల్లలు ఆడుకోవడానికి టెంటు వేశారు. పనిచోట శిశుసంరక్షణ కేంద్రం ఉండాలన్న కార్మిక చట్టం స్ఫూర్తి అక్కడ చక్కగా అమలవుతోంది. కార్మికులని ఒప్పుకోవడం ఒక్కటే మిగిలింది. ఇక ఏడుగురు మరుగుజ్జుల గని రైలు. లోపల బొమ్మలు పాట పాడుకుంటూ రత్నాలు తవ్వుతుంటాయి. అసలు తవ్వకం బయట లైన్లో జరుగుతున్నదని ఆ బొమ్మలకు తెలియదు పాపం.

ఇక్కడే మనవాళ్లకు ఒక చిక్కు వస్తుంది. నిలబడటం పని అని తేలిన మరుక్షణం వీసా గొడవ మొదలవుతుంది. మనవణ్ని చూసుకోవడానికి విజిటర్ వీసా మీద వచ్చిన అమ్మమ్మా తాతయ్యా అమెరికాలో పని చేయకూడదు. వాళ్లను లైన్లో నిలబెట్టడం నేరుగా ఉల్లంఘనే. హెచ్‌4 మీద ఉన్న కోడలికి ఈఏడీ అనే పని అనుమతి రాకపోతే ఆమె కూడా బెంచీ మీద కూర్చోవలసిందే. హెచ్‌1బీ అల్లుడు తన కంపెనీకి తప్ప ఇంకొకరికి నిలబడరాదు కనుక డిస్నీవారు అతని కోసం విడిగా పిటిషన్ వేయాలి. ఎఫ్‌1 మీద చదువుతున్న బావమరిదిది మరీ కష్టం. అతను క్యాంపస్‌లోనే నిలబడాలి, అదీ వారానికి ఇరవై గంటలు మించకుండా. చివరికి మిగిలేది అక్కడే పుట్టిన ఐదేళ్ల మనవడు. వాడు పౌరుడే గానీ, వాణ్ని నిలబెడితే బాలకార్మిక చట్టం.

మనకిదేం కొత్త, మన ఊళ్లో లేదా అంటారు. ఉంది. రావిర్యాల వండర్‌లాలో ఫాస్ట్‌ట్రాక్ ఉంది. తిరుమలలో మూడు వందల రూపాయల దర్శనం ఉంది, శ్రీవాణి పేరిట పదివేల ఐదు వందలదీ ఉంది. దేవుడి దగ్గరే ఉన్నప్పుడు మిక్కీ ఎలక దగ్గర ఉండకూడదా అని వాదించేవాళ్లకు ఒకటే చెబుతాను. తిరుమలలో సర్వదర్శనం కంపార్ట్‌మెంట్‌లో కూర్చున్నవాడికి పాలు, అన్నప్రసాదం పైసా తీసుకోకుండా పెడతారు. పనిలో ఉన్నవాడికి అన్నం పెట్టాలన్న ఇంగితం అక్కడ మిగిలింది. డిస్నీలో నిలబడ్డవాడు తన జంతిక తనే కొనుక్కోవాలి, దాని ధర నేను రాయను.

నవ్వుకున్నది చాలు. ఇదే డిస్నీ 1999లో ఫాస్ట్‌పాస్ పెట్టినప్పుడు దానికి రుసుము లేదు. చీటీ మీద ఒక సమయం ఉండేది, ఆ సమయానికి వస్తే లైను తప్పేది. మయామీ కోటీశ్వరుడి కొడుక్కీ, అదే ఊళ్లో హోటల్ గదులు ఊడ్చే తల్లి కొడుక్కీ ఒకటే చీటీ. 2021లో దానికి వెల కట్టారు. ఇప్పుడు ఆ వెలను ఇంతదాకా తెచ్చారు.

దానికంటే నన్ను మండించింది మరొకటి. నిలబడలేనివాళ్ల కోసం అక్కడ ఒక ప్రత్యేక సౌకర్యం ఉంది. సమయం చెప్పించుకుని, లైన్లో కాకుండా బయట వేచి ఉండవచ్చు. 2024 మే 20 నుంచి దాన్ని ఆటిజం వంటి ఎదుగుదల సమస్యలున్నవారికి పరిమితం చేశారు. దుర్వినియోగం జరుగుతోందన్నారు. జరిగే ఉంటుంది. కానీ కీళ్లవాతం, పేగు జబ్బులు, క్యాన్సర్ చికిత్స నీరసం ఆ నిర్వచనంలో ఇమడవు. అలాంటివాళ్లు చక్రాల కుర్చీ తెచ్చుకోవచ్చట, లేదా లైను వదిలి వెళ్లి మళ్లీ వచ్చి కలవచ్చట. మే నెలలో జబ్బు ఉన్నవాణ్ని లైన్లోకి నెట్టారు. అక్టోబరులో డబ్బు ఉన్నవాణ్ని లైన్లోంచి తీశారు. ఆర్నెల్లు కూడా ఆగలేదు. పిల్లల సంతోషం పేరు చెప్పి బతికే సంస్థ చేసిన పని ఇది. దీన్ని వ్యాపారం అని సర్దిచెప్పేవాళ్లతో నాకు మాటల్లేవు. నా దృష్టిలో ఇది సిగ్గుమాలినతనం.

ఈ పాస్ ప్రయోగం మాత్రమేనని మొదట్లో వాళ్లే చెప్పుకున్నారు. క్రిస్మస్ సెలవులకు అమ్మానాన్నలను తీసుకెళ్లే అమెరికా పిల్లలూ, వెళ్లండి, చూపించండి, ఫొటోలు తీయండి. ఆ పాస్ మాత్రం కొనకండి. ఎంతమంది కొన్నారో లెక్క చూసుకునే వాళ్లు దీన్ని ఉంచాలా తీసేయాలా అని తేల్చుకుంటారు.