ఏలినవారికి తీసివేత రాదు

రాము దగ్గర 12 మామిడిపళ్లున్నాయి. 5 సోముకిచ్చాడు. ఎన్ని మిగిలాయి? మీ తాత ఇదే చేశాడు. మీరూ ఇదే చేశారు. రేపు మీ మనవడూ ఇదే చేస్తాడు. రాముకి అన్ని పళ్లెక్కడివి? డజను ధరెంతో వాడికి తెలుసా? అడగకూడదు. అడిగితే గోడకుర్చీ.

దీని పేరు నిత్యజీవిత గణితమట. ఎవరి నిత్యజీవితం, స్వామీ?

పోనీ, నేర్పేదైనా లెక్కేనా? 'మిగిలినవి' కనబడితే తీసెయ్, 'మొత్తం' కనబడితే కలిపెయ్. అంతే చిట్కా. 'సీత దగ్గర 20 గోళీలున్నాయి. రజని కంటే 8 ఎక్కువ. రజని దగ్గరెన్ని?' అని ఇచ్చి చూడండి. 'ఎక్కువ' అన్న మాట చూడగానే 28 అని రాసి పలక పక్కన పెట్టేస్తాడు పిల్లాడు. వాణ్ణి తిట్టి ఏం లాభం? లెక్కను చదవడం ఎవడు నేర్పాడు గనక?

ఆర్థికవేత్తలు అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డుఫ్లోల బృందం కోల్‌కతా, ఢిల్లీ బజార్లలో సరుకులమ్మే పిల్లల్ని పరీక్షించింది. ఆ ఫలితాలు 2025లో 'నేచర్' పత్రికలో అచ్చయ్యాయి. కిలో 20 రూపాయల బంగాళాదుంపలు 800 గ్రాములు, కిలో 15 రూపాయల ఉల్లి కిలో 400 గ్రాములు, చేతిలో 200 నోటు. ఇలాంటి బేరాలకి ఆ పిల్లలు కాగితం, కలం లేకుండా చిల్లర లెక్కగట్టి ఇచ్చేశారు. 163 రూపాయలు! అదే పిల్లలకి బడి లెక్క కాగితం మీద పెడితే చాలామంది తడబడ్డారు. అంగడి ఎరగని బడిపిల్లలదేమో తిరగబడిన కథ: కాగితం మీద నయం, బేరంలో బోల్తా. మధ్యలో ఈ గోడ ఎవరు కట్టారు? పిల్లలా?

ఇక పల్లెపిల్లల చదువు ఎంతో కొలిచే అసర్ సర్వే నివేదికలు. గ్రామీణ భారతంలో తీసివేత చేయగల మూడో తరగతి పిల్లలు 2022లో నూటికి 25.9. 2024లో 33.7. పెరిగిందహో అని ఒకటే జబ్బలు చరుచుకోవడం! పెరిగింది, కాదనం. నూటిలోంచి 33.7 పోతే ఎంత? 66.3. ఈ ఒక్క తీసివేత దగ్గరే పెద్దలకి గొంతు పెగలదు.

2021 జులైలో నిపుణ్ భారత్ పథకం పెట్టారు. 2026-27 కల్లా మూడో తరగతి దాటే ప్రతి బిడ్డకీ చదవడం, రాయడం, లెక్కలు వచ్చితీరాలన్నారు. బాగుంది. నేర్పాల్సిన పంతులుగారేరి? మధ్యాహ్న భోజనం గుడ్డు ఫొటో యాప్‌లో ఎక్కిస్తున్నారు. సిగ్నల్ లేదు, గోడెక్కి నిలబడ్డారు. జనగణన, విపత్తు సాయం, ఎన్నికలు తప్ప బోధనేతర పనులు పంతుళ్లకి అంటగట్టొద్దని విద్యాహక్కు చట్టం 27వ సెక్షన్ మొత్తుకుంటోంది. వినేదెవరు? లెక్కలు నేర్పడానికి బడికి పూసల చట్రాలూ పుల్లల కట్టలూ వచ్చాయి, నిజమే. అవి బీరువాలో భద్రం. పిల్లలు ముట్టుకుంటే పాడైపోవూ!

నిజంగా నిత్యజీవితపు లెక్కే కావాలా? ఊళ్లో బడికి మంజూరైన పోస్టులెన్ని, ఉన్న పంతుళ్లెందరు, తేడా ఎంత? పాఠ్యపుస్తకంలో వెయ్యండి చూద్దాం. వెయ్యరు. రాము పళ్లు పంచుకుంటూ ఉంటేనే అందరికీ క్షేమం.

అందుకే, ఈసారి ఓటడగడానికి వచ్చినాయన మెడలో దండ వెయ్యకండి. చేతిలో పలకా బలపం పెట్టండి. 'పోయినసారి ఇచ్చిన హామీల్లోంచి తీర్చినవి తీసెయ్యండి సార్, ఎన్ని మిగిలాయి?' అని అడగండి. జవాబొచ్చేదాకా గుమ్మం దిగనివ్వకండి.