ఏడో ఏడాది వరద ఎవరి పద్దు?

ఉయ్యూరులో మదుపరులు ఎందరంటే లెక్క తేలదు. పంచదార మిల్లులో జీతంలోంచి పీఎఫ్ కోతపడే కార్మికుడు ఒకరు. సీపీఎస్ పెన్షను పథకం రద్దు చేయమని రోడ్డెక్కే పంతులుగారు ఒకరు. కూతురి పెళ్లికి అక్కరకొస్తుందని, ఏజెంటు బాబాయి మాట కాదనలేక పాలసీ కట్టిన కౌలు రైతు ఇంకొకరు. తాము మదుపరులమన్న సంగతి వీళ్లలో ఎవరికీ తెలియదు. తెలిసినవాళ్లు ముంబయిలో ఉంటారు. వీళ్ల డబ్బు పోగేసి, షేర్లలోనూ బాండ్లలోనూ పెట్టి, తమకు తాము ‘సంస్థాగత మదుపరి’ అని పేరు పెట్టుకుని, వాతావరణ మార్పు ముప్పును ఎదుర్కొంటూ ఉంటారు. ఎలా ఎదుర్కొంటారయ్యా అంటే, వెల్లడిస్తారు.

నవ్వకండి. వెల్లడించడం ఆషామాషీ పని కాదు. మార్కెట్ విలువలో మొదటి వెయ్యి కంపెనీలకు సెబీ 2022-23 నుంచి బీఆర్‌ఎస్‌ఆర్ అనే నివేదికను తప్పనిసరి చేసింది. ఎంత కరెంటు వాడారు, ఎన్ని నీళ్లు తోడారు, ఎంత పొగ వదిలారు, అన్నీ గడుల్లో నింపాలి. కంపెనీ నింపుతుంది, కన్సల్టెంటు దిద్దుతాడు, ఫండువారు చదివామని తమ నివేదికలో రాసుకుంటారు. పొగకు మాత్రం చదువు రాదు.

ఆ గడుల్లో ఒకటంటే నాకు మహా ఇష్టం. కంపెనీ సొంతంగా వదిలిన పొగ, కొన్న కరెంటు తాలూకు పొగ చెప్పి తీరాలి. అమ్మిన సరుకు కొన్నవాడి దగ్గర కాలితే వచ్చే పొగ స్కోప్ 3 కిందికి వస్తుంది. అది చెబితే చెప్పొచ్చు, లేకపోతే లేదు. సబ్బులమ్మే కంపెనీకి ఇదో వెసులుబాటు. బొగ్గు అమ్మే కంపెనీకి ఇది మోక్షం. తవ్వడం తన పద్దు, కాల్చడం కొన్నవాడి పద్దు. ఇక మిగిలిన పాపమల్లా గనిలో లేచే వాయువూ, డంపర్లకు పోసిన డీజిలూ, కొన్న కరెంటూ.

కౌలు రైతు పాలసీ కట్టిన ఎల్‌ఐసీకి కోల్ ఇండియాలో దాదాపు పదో వంతు వాటా ఉంది. ఆ కోల్ ఇండియా పిల్ల సంస్థ మహానది కోల్‌ఫీల్డ్స్ ఒడిశాలోని తాల్చేరులో తవ్విన బొగ్గు రైలెక్కి విజయవాడ పక్కనున్న ఇబ్రహీంపట్నంలో దిగుతుంది. కాగితాల మీద నార్ల తాతారావు థర్మల్ విద్యుత్ కేంద్రం, మన నోట్లో వీటీపీఎస్. 1979 నుంచి కాలుస్తోంది. ఆ కరెంటుతోనే మన ఫ్యాన్లు తిరుగుతున్నాయి. కాదనను, ఇది రాస్తున్నదీ ఫ్యాను కిందే. కానీ కౌలు రైతు కట్టిన ప్రీమియంలో నాలుగు రూపాయలు అటూ ఇటూ తిరిగి ఇబ్రహీంపట్నంలో పొగై లేవడం ఏ గడిలో రాయాలో ఆ గడి ఇంకా ఎవరూ గీయలేదు.

ఏ ఒక్క వాన మీదా ఏ ఒక్క పొగగొట్టాన్నీ ముద్దాయిని చేయలేం. వేడెక్కిన గాలి ఎక్కువ తేమను మోస్తుందన్నది మాత్రం బళ్లో చెప్పే పాఠమే. 2024 సెప్టెంబరు 1న బుడమేరు వాగు విజయవాడలోని సింగ్‌నగర్, పాయకాపురాల మీద పడింది. మర్నాడు ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణ 11.43 లక్షల క్యూసెక్కులకు చేరి, 2009 నాటి 11.10 లక్షల రికార్డును చెరిపేసింది. బుడమేరు దారిలో ఇళ్లు కట్టుకున్నది మనమే, కట్టలు పట్టించుకోనిదీ మనమే. ఆ మదుపు మాత్రం అచ్చంగా మన సొంతం.

ఇలాంటివాటి గురించి పెద్ద మదుపరులు ఏమనుకుంటారో 2022 మే నెలలో లండన్‌లో ఒకాయన పైకే అనేశాడు. పేరు స్టువర్ట్ కర్క్. హెచ్‌ఎస్‌బీసీ ఆస్తుల నిర్వహణ విభాగంలో ఆయనది బాధ్యతాయుత పెట్టుబడుల అధిపతి పదవి. వందేళ్లకు మయామి మునిగితే ఎవరికి కావాలి అన్నాడు. మా బ్యాంకు అప్పు సగటున ఆరేళ్లు, ఏడో ఏడాది ఏమైతే మాకేం అన్నాడు. బ్యాంకు ఆయన్ను సస్పెండు చేసింది, జులైలో ఉద్యోగం వదులుకున్నాడు. నాకు ఆయన మీద కాస్త గౌరవమే. మిగతావాళ్లు వందల పేజీల్లో దాచిన మాటను ఆయన రెండు ముక్కల్లో వెల్లడించాడు.

ఆరేళ్ల సాకు బ్యాంకువాడికి చెల్లుతుంది. ఎల్‌ఐసీకి ఎలా చెల్లుతుంది? పాతికేళ్ల పాలసీ అమ్మినవాడికి ఏడో ఏడాదీ ఉంది, పదిహేడో ఏడాదీ ఉంది. సీపీఎస్‌లో నిన్న చేరిన కుర్ర టీచరుకు 2060 దాకా లెక్క చూడాలి. 1977 నవంబరు 19 నాటి ఉప్పెన చూసిన దివిసీమ ఉయ్యూరుకు ఎంతో దూరం కాదు. అక్కడ ఇల్లు కట్టుకునేవాడు ఏ నివేదికా చదవకుండానే పునాది మెరక వేయించుకుంటాడు, మనవళ్ల దాకా ఆలోచించి. 50 లక్షల కోట్ల రూపాయలకు పైగా ఆస్తులు చూసే సంస్థకు ఆ మాత్రం ముందుచూపు అడగడం అత్యాశ కాబోలు.

సరే, బొగ్గు షేర్లు అమ్మేస్తే? అమ్మొచ్చు. నార్వే పెన్షన్ నిధి, ఆదాయంలో 30 శాతం పైన బొగ్గు మీదే సంపాదించే కంపెనీలను 2016లో బయటకు పంపడం మొదలుపెట్టింది. ఆ నిధికి మూలధనం సముద్రంలోంచి తోడిన చమురు, అది వేరే కథ. రమ్మీలో పనికిరాని ముక్కను కింద పడేస్తే పక్కవాడు ఎత్తుకుంటాడు, ముక్క ఆటలోనే ఉంటుంది. హరిత ఫండ్లదీ అదే ఆట. వాటిలో ఎక్కువగా కనిపించేవి బ్యాంకులూ సాఫ్ట్‌వేర్ కంపెనీలూ. పొగగొట్టం లేని కంపెనీ కొంటే పొగ తగ్గినట్టు లెక్క. పొగగొట్టానికి అప్పిచ్చిన బ్యాంకు పచ్చగానే ఉంటుంది.

అమ్మకుండా, ఉంచుకుని, ఓటేసి నిలదీయడం ఇంకో దారి. 2021లో ఇంజిన్ నంబర్ 1 అనే చిన్న ఫండు 0.02 శాతం వాటాతో ఎక్సాన్‌మొబిల్ బోర్డులోకి ముగ్గురు డైరెక్టర్లను పంపింది. పెద్ద ఫండ్లు ఓట్లు కలిపాయి. ఆ వేడి ఎంతో కాలం నిలవలేదు. క్లైమేట్ యాక్షన్ 100 ప్లస్ అనే మదుపరుల కూటమి నుంచి 2024 ఫిబ్రవరిలో జేపీ మోర్గాన్, స్టేట్ స్ట్రీట్ ఫండు సంస్థలు జారుకున్నాయి. అయినా 0.02 శాతంతో అంత జరిగితే పదో వంతుతో ఏమేం జరగాలి?

ఏమీ జరగదు. కోల్ ఇండియాలో 63 శాతం వాటా కేంద్ర ప్రభుత్వానిది. ఎల్‌ఐసీలో 96.5 శాతం వాటా కూడా ఆ ప్రభుత్వానిదే. నిలదీయాల్సినవారూ జవాబు చెప్పాల్సినవారూ ఒకే బంతిలో భోంచేస్తుంటే మధ్యలో ప్రశ్న ఎవరు వడ్డిస్తారు?

ఈలోగా ఉయ్యూరు చుట్టుపక్కల మురుగు కాల్వల్లో గుర్రపుడెక్క పేరుకుంటోంది. దాన్ని తీయిస్తే పొలంలో నీళ్లు ఓ రోజు ముందే దిగుతాయి. అయితే గుర్రపుడెక్క తీతకు రాబడి ఎంత శాతమో ఎవరూ తేల్చలేదు గనక దాని మీద బాండు లేదు, ఫండు లేదు.

కౌలు రైతు స్వయంగా కోల్ ఇండియా వాటాదారుల సభలో అడగొచ్చు కదా అంటారా? ఇప్పుడది వీడియోలోనే జరుగుతుంది, ఫోనుంటే చాలు. కాకపోతే షేరు ఆయన పేరున లేదు, ఎల్‌ఐసీ పేరున ఉంది. ఆయన చేతిలో ఉన్నది పాలసీ బాండు. ఆ బాండు పట్టుకుని ఏజెంటు బాబాయి దగ్గరికి వెళ్లి, నా డబ్బు తరఫున ఒక ప్రశ్న అడిగి పెట్టమంటే ఆయనేం చెబుతాడో నాకు తెలుసు.

“అవన్నీ తర్వాతరా అబ్బాయ్. నీ పాలసీ లాప్సయింది, ముందు అది కట్టు.”